ఆ 25 మంది ఎక్కడి నుంచి వచ్చార్రా? చిన్నాకి పిన్ని ఉత్తరం

ఒరేయ్ చిన్నా,

రాత్రి నువ్వు పంపిన గ్రాఫ్ చూశా. ఫోన్ చేసి చెప్దామనుకున్నా గానీ ఫోన్లో అయితే "సరే పిన్నీ, సరే పిన్నీ" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా, నువ్వూ కూర్చునే చదువు.

బీపీ గీతలన్నీ అడ్డదిడ్డంగా పోయి సాలెగూడులా తయారయ్యాయి కదా, దాని కింద నువ్వు "డేటాలో నాయిస్ ఎక్కువ" అని రాసుకున్నావు. నాయిస్ అంటే కొలతల్లో అనుకోకుండా వచ్చే హెచ్చుతగ్గులు, ఇది అది కాదు నాయనా. స్టాటాని, అదే నువ్వు లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌ని, లైన్ గీయమంటే ఫైల్లో వరసలు ఏ క్రమంలో ఉంటే ఆ క్రమంలోనే చుక్కలు కలుపుకుంటూ పోతుంది, 2019 కింద 2012 ఉంటే వెనక్కెళ్ళి మరీ గీస్తుంది, దానికేం మొహమాటం లేదు. పైగా నీ ఫైల్లో ఒక్కో మనిషికి ఐదారు విజిట్లున్నాయి, ఒకడి చివరి విజిట్ నుంచి ఇంకొకడి మొదటి విజిట్‌కి కూడా గీత లాగేసింది. ముందు ఐడి, ఆ తర్వాత తేదీ, ఈ రెండిటి మీద సార్ట్ చెయ్యి, లైన్ కమాండ్లో కనెక్ట్ ఆప్షన్‌కి అసెండింగ్ అని ఇవ్వు, తేదీ వెనక్కి పోయిన చోట గీత తెగిపోతుంది, చాలావరకు ఎవడి గీత వాడికి ఉంటుంది. ఆర్ అనే ఇంకో లెక్కల సాఫ్ట్‌వేర్‌లో, బొమ్మలు గీసే జీజీప్లాట్ అయితే తేదీ క్రమం అదే చూసుకుంటుంది గానీ గ్రూప్ ఈక్వల్స్ ఐడి అని నువ్వు చెప్పకపోతే అక్కడా నిలువు గీతల రంపమే వస్తుంది.

సరే అది చిన్న విషయం, రెండు నిమిషాల్లో పోతుంది. నాకు నిద్ర పట్టనిది వేరే. నీ మొదటి టేబుల్లో 412 మంది ఉన్నారు. గ్రాఫ్ కింద 437 అని ఉంది. ఆ 25 మంది ఎక్కడి నుంచి వచ్చార్రా?

నువ్వు గమనించలేదని నాకు తెలుసు, ఎందుకంటే గమనించి ఉంటే పంపేవాడివి కాదు. నేనూ మొదట్లో ఇంతే, కమాండ్ ఎర్రగా ఎర్రర్ చూపించలేదంటే అంతా బాగున్నట్టే అనుకునేదాన్ని. ఇరవై రెండేళ్ళు ఈ పని చేశాక నాకు మిగిలిన అలవాటు ఒక్కటే: మెర్జ్ (రెండు ఫైళ్ళు కలపడం), రీషేప్ (వరసల్ని కాలమ్‌లుగా, కాలమ్‌లని వరసలుగా మార్చడం), డ్రాప్ (తీసేయడం), ఏదైనా సరే వరసల సంఖ్య మార్చే కమాండ్ కొట్టేముందు పక్కన కాగితం మీద ఎన్ని రావాలో రాసుకుంటా. తర్వాత కొడతా. కలవకపోతే అక్కడే ఆగుతా, ముందుకెళ్ళను. కాగితం లేకపోతే డూ ఫైల్లోనే, అంటే కమాండ్లన్నీ వరసగా రాసుకునే ఫైల్లోనే, అసర్ట్ అని పెట్టుకో, లెక్క తప్పితే స్టాటా అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆర్‌లో స్టాప్ ఇఫ్ నాట్ ఉంది, అదే పని.

నీ 25 మందికి రెండే దారులున్నాయి. ఒకటి, నువ్వు తర్వాత తెచ్చి కలిపిన ఫైల్లో కొందరి ఐడి రెండేసి సార్లు ఉండి ఉండాలి. రెండు, ఆ ఫైల్లో ఉండి నీ 412లో లేనివాళ్ళు కూడా వచ్చి చేరి ఉండాలి. రెండోది అయితే మెర్జ్ చేసినప్పుడు స్టాటా తనే పెట్టే అండర్‌స్కోర్ మెర్జ్ అనే కాలమ్‌ని ట్యాబ్ చేస్తే, అంటే ఏ విలువ ఎన్నిసార్లుందో లెక్క తీస్తే, తెలిసిపోతుంది, 1 అంటే నీ ఫైల్లోనే ఉన్నవాళ్ళు, 2 అంటే కొత్త ఫైల్లోనే ఉన్నవాళ్ళు, 3 అంటే రెండిట్లో కలిసినవాళ్ళు. చాలామంది చేసే పని ఏంటంటే మెర్జ్ అవగానే ఆ కాలమ్ చూడకుండా డ్రాప్ చేసేస్తారు, అడ్డంగా ఉందని. అది అడ్డం కాదు, అది రసీదు.

మొదటిది అయితే మాత్రం నువ్వు ఎం టు ఎం (మెనీ టు మెనీ, ఒకే ఐడి రెండు వైపులా ఎన్నిసార్లైనా ఉండొచ్చు) అని కొట్టి ఉంటావు. నిజం చెప్పు. వన్ టు వన్ (రెండు వైపులా ఒక్కో ఐడి ఒక్కసారే ఉండాలి) అంటే "ఐడి యూనిక్ కాదు" అని తిట్టింది, సరేలే అని ఎం టు ఎం పెట్టావు, అప్పుడు తిట్టలేదు, నువ్వు సంతోషపడ్డావు. నేనూ ఒకసారి సరిగ్గా ఇదే చేసి ఒక రిపోర్ట్ మొత్తం మళ్ళీ రాశాను, అందుకే అంత గట్టిగా చెప్తున్నా. ఎం టు ఎం చేసే పని ఏంటో తెలుసా, ఒకే ఐడికి ఇటు రెండు వరసలు, అటు మూడు వరసలు ఉన్నాయనుకో, మొదటిదాన్ని మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో, మూడోదానికి జత లేదు కాబట్టి మళ్ళీ రెండోదాన్నే తెచ్చి అతికిస్తుంది. అంటే ఎవరికి ఎవరు అతుక్కుంటారనేది వరసల క్రమం మీద ఆధారపడుతుంది, మనుషుల మీద కాదు. అది చెడ్డ ఆలోచన అని స్టాటా మాన్యువల్లోనే రాసుంటుంది, అయినా కమాండ్ మాత్రం అలాగే ఉంచారు. వన్ టు వన్ తిట్టిందంటే నీకు మేలు చేసినట్టు, ఆ తిట్టు విని ఐడిలు రెండోసారి ఉన్నాయా అని చెప్పే ఇజ్ ఐడి, డూప్లికేట్స్ రిపోర్ట్ కొట్టి చూడాలి, ఆ తర్వాతే ఏ వరస ఉండాలో నిర్ణయించాలి. ఆర్‌లో లెఫ్ట్ జాయిన్ (మెర్జ్ లాంటిదే) చేసేవాడివైతే ఇంకా జాగ్రత్త, కుడివైపు టేబుల్లో డూప్లికేట్లుంటే చప్పుడు లేకుండా వరసలు పెంచేస్తుంది, రిలేషన్‌షిప్ అనే ఆప్షన్‌లో మెనీ టు వన్ అని నువ్వే చెప్పి పెట్టుకుంటే అప్పుడు ఆపుతుంది.

ఈ వరసల లెక్క ఏదో నా చాదస్తం అనుకునేవు. 2020 సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లో బ్రిటన్‌లో 15,841 కోవిడ్ కేసులు టైముకి లెక్కలోకి రాలేదు, కారణం పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 వరసలకి మించి పట్టవు, మిగిలినవి రాలిపోయాయి. పంపినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని అని పక్కపక్కన పెట్టి చూసుంటే మొదటిరోజే దొరికేది.

ఇప్పుడు మిస్సింగ్, అంటే విలువ నమోదు కాని చోట్ల, సంగతి, ఇది నీ రెండో టేబుల్లో ఉన్న తప్పు. "బీపీ 140 దాటినవాళ్ళు" అని కొత్త కాలమ్ చేశావు కదా, బీపీ అసలు కొలవనివాళ్ళు కూడా అందులో కూర్చున్నారు. స్టాటా దృష్టిలో మిస్సింగ్ అంటే ఖాళీ కాదు, అన్ని అంకెలకన్నా పెద్దది. కాబట్టి 140 కన్నా పెద్దదా అని అడిగితే అవునంటుంది. ఎప్పుడైనా "కన్నా ఎక్కువ" అని రాస్తే వెంటనే "మిస్సింగ్ కాకపోతే" అని కూడా రాయడం చేతికి అలవాటు చెయ్యాలి. ఆర్ దీనికి పూర్తి రివర్స్, అక్కడ తెలియనిదాన్ని 140తో పోలిస్తే జవాబు కూడా తెలియదనే వస్తుంది, అది న్యాయమే, కానీ తర్వాత టేబుల్ అని కొడితే ఆ ఎన్ఏలని (ఆర్ మిస్సింగ్‌కి పెట్టే గుర్తు) చూపించకుండా దాచేస్తుంది, ఫిల్టర్ కొడితే పారేస్తుంది. అంటే ఒకడు లేనివాళ్ళని బీపీ ఉన్నవాళ్ళలో కలిపేస్తాడు, ఇంకోడు లేనివాళ్ళని లేనే లేరంటాడు. ఇద్దరూ నీకు చెప్పరు. అందుకే ట్యాబ్ కొట్టినప్పుడల్లా స్టాటాలో కామా మిస్సింగ్, ఆర్‌లో యూజ్ ఎన్ఏ, పెట్టకుండా ఉండకు.

అన్నట్టు నీ వయసు కాలమ్‌లో గరిష్ఠం 999 ఉంది. ఇద్దరున్నారు అలాంటి దీర్ఘాయుష్మంతులు. ఫారంలో "తెలియదు"కి ఆ కోడ్ పెట్టి ఉంటారు, కోడ్‌బుక్ (ఏ కోడ్‌కి ఏం అర్థమో రాసి ఉండేది) చదివితే తెలుస్తుంది, చదవలేదు నువ్వు. ఎంవీడీకోడ్ తో మిస్సింగ్ చేసెయ్, అయితే ఉట్టి చుక్క (స్టాటాలో మిస్సింగ్ గుర్తు) కాకుండా చుక్క ఏ, చుక్క బి అని వేరువేరుగా పెట్టు, "తెలియదు"కి ఒకటి, "చెప్పనన్నారు"కి ఒకటి. రేపు ఎవరైనా అడిగితే తేడా చెప్పగలగాలి కదా.

అంకెలు టెక్స్ట్‌గా వచ్చిన కాలమ్ ఒకటుంది, బరువు. దాన్ని ఎన్‌కోడ్ చేశావు. ఎన్‌కోడ్ పేర్లకి, అంకెలకి కాదు. అది ఆ టెక్స్టులన్నిటినీ అక్షర క్రమంలో పెట్టి ఒకటి, రెండు, మూడు అని నంబర్లిస్తుంది, పైకి లేబుల్‌గా 62 అని కనిపిస్తుంది, లోపల ఉన్నది 17. సగటు కొడితే సగటు బరువు 20 అని వస్తే పసిపిల్లల డేటా అనుకుంటావా? టెక్స్ట్‌ని అంకెగా మార్చే డీస్ట్రింగ్ కావాల్సింది అక్కడ. ఆర్‌లో ఫ్యాక్టర్‌ని (లేబుల్ వెనక నంబర్లు దాచుకునే కాలమ్) నేరుగా న్యూమరిక్ చేసినా ఇదే గొయ్యి, ముందు క్యారెక్టర్ చేసి అప్పుడు న్యూమరిక్ చెయ్యాలి. డీస్ట్రింగ్ కుదరదంటే బలవంతంగా ఫోర్స్ పెట్టకు, ఏ వరసల్లో అక్షరాలున్నాయో లిస్ట్ చేసి చూడు, "62 కేజీ" అని ఎవరో టైప్ చేసుంటారు.

ఐడిల గురించి ఒక్క మాట, ఇది చాలామందికి తెలీదు. స్టాటాలో జెన్ అని కొత్త కాలమ్ చేస్తే మామూలుగా ఫ్లోట్‌గా (అంకెలు దాచుకునే చిన్న గది లాంటిది) పుడుతుంది. ఫ్లోట్ 1,67,77,216 వరకే పూర్ణాంకాలన్నీ తేడా రాకుండా పట్టుకోగలదు. 1,67,77,217 అని ఇస్తే 1,67,77,216 అని దాచుకుంటుంది. ఇద్దరు మనుషులు ఒకరైపోయారు, చూశావా, మళ్ళీ డూప్లికేట్. పది అంకెల ఐడి అయితే డబుల్ (ఫ్లోట్ కన్నా పెద్ద గది) అని చెప్పి చెయ్యి, ఇంకా మంచిది స్ట్రింగ్‌గానే, అంటే టెక్స్ట్‌గానే, ఉంచెయ్, ఐడిలని మనం కూడబోయేది లేదు, ముందున్న సున్నాలు కూడా పోకుండా ఉంటాయి.

తేదీలు స్టాటా నుంచి ఆర్‌కి ఉట్టి అంకెలుగా పంపకు. స్టాటా 1960 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెడుతుంది, ఆర్ 1970 జనవరి 1 నుంచి. 21915 అనే అంకె ఇక్కడ 2020 జనవరి 1, అక్కడ 2030 జనవరి 1. దాదాపు పదేళ్ళు తేడా, మహా అయితే ఒక రోజు అటూఇటూ, కాబట్టి నెలా తేదీ అన్నీ బాగానే కనిపిస్తాయి, అదే దాంతో ప్రమాదం.

ఇక గ్రాఫులు. గ్రాఫ్ అంటే రిపోర్ట్‌లో పెట్టే బొమ్మ అని నీ ఉద్దేశం, నాకైతే అది ముందు తనిఖీ. ఇప్పుడే వెళ్ళి బీపీకి హిస్టోగ్రామ్ (ఏ విలువ దగ్గర ఎంతమంది ఉన్నారో చూపే బార్ల బొమ్మ) గియ్యి, విడ్త్, అంటే ఒక్కో బార్ వెడల్పు, 10 పెట్టి ఒకటి, విడ్త్ 1 పెట్టి ఒకటి. పదితో గీస్తే నున్నటి గుట్టలా అందంగా ఉంటుంది. ఒకటితో గీస్తే 110, 120, 130, 140 దగ్గర మేకులు లేచి నిలబడతాయి, 123 దగ్గర, 137 దగ్గర బోసిగా ఉంటుంది. కొలిచినవాళ్ళు చివరి అంకెని సున్నాకి సర్దేస్తున్నారన్నమాట, చేత్తో కొలిచే బీపీలో ఇది మామూలే. ఇప్పుడు ఆలోచించు, నువ్వు పెట్టుకున్న హద్దు సరిగ్గా 140 దగ్గరే ఉంది, "140 దాటితే" అంటావా "140, ఆపైన" అంటావా అన్నదాన్నిబట్టి ఆ మేకు మొత్తం ఇటో అటో దొర్లుతుంది. ఇది పాఠం చెప్తే ఎక్కదు, బొమ్మ చూస్తేనే ఎక్కుతుంది.

చుక్కల గ్రాఫ్‌లో చుక్కలు ఒకదానిమీద ఒకటి పడి నల్లటి మచ్చ అయింది నీకు. వయసు, బీపీ రెండూ పూర్ణాంకాలే కదా, పడకేం చేస్తాయి. కొంచెం జిట్టర్ ఇవ్వు, అంటే చుక్కల్ని కాస్త అటూఇటూ జరుపు, రంగు పక్కన పర్సెంట్ 30 అని రాసి పారదర్శకం చెయ్యి, స్టాటా 15 నుంచి అది పని చేస్తుంది. మచ్చలో ఎక్కడ చిక్కగా ఉందో ఎక్కడ పలచగా ఉందో అప్పుడు తెలుస్తుంది.

వై యాక్సిస్ కత్తిరించే దగ్గర రెండు సాఫ్ట్‌వేర్లూ రెండు రకాలు. స్టాటాలో వైస్కేల్ రేంజ్ యాక్సిస్‌ని పెంచగలదు గానీ తగ్గించలేదు, ఎంత చిన్న రేంజ్ ఇచ్చినా డేటా ఉన్నంత మేరా చూపిస్తుంది, నీకు కొంత భాగమే కావాలంటే ఇఫ్ అనే షరతు పెట్టాలి. జీజీప్లాట్‌లో వై లిమ్ పెడితే బయటున్న వరసలని ముందే పారేసి, మిగిలినవాటితో సగటు గీత లెక్కేస్తుంది, అంటే బొమ్మ జూమ్ అవ్వడమే కాదు గీత కూడా మారిపోతుంది. జూమ్ మాత్రమే కావాలంటే కోఆర్డ్ కార్టీజియన్. "రిమూవ్డ్ సో మెనీ రోస్" అని వార్నింగ్ ఇస్తుంది, చదువు దాన్ని, ఎన్ని పోయాయో అంకె అందులోనే ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తా. బార్లు సున్నా నుంచే మొదలవ్వాలి, చుక్కలకి గీతలకి ఆ పట్టింపు లేదు. నాలుగు గ్రూపుల్ని ఒకే బొమ్మలో కుక్కకు, బై అనే ఆప్షన్ పెట్టి నాలుగు చిన్న బొమ్మలు చెయ్యి. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన వద్దు, ఆ తేడా కనపడనివాళ్ళు ఉంటారు. యాక్సిస్ మీద బీపీ2_కొత్త_ఫైనల్ అని నీ కాలమ్ పేరు కనిపిస్తోంది, సిస్టాలిక్ బీపీ అని రాసి యూనిట్ వెయ్యి. బొమ్మని మౌస్‌తో సేవ్ చెయ్యకు, గ్రాఫ్ ఎక్స్‌పోర్ట్ లైన్ డూ ఫైల్లో ఉండాలి, ప్రింట్‌కి పీడీఎఫ్, స్లయిడ్‌కి పీఎన్‌జీ.

వచ్చిన ఒరిజినల్ ఫైల్‌ని వేరే ఫోల్డర్‌లో పెట్టి రీడ్ ఓన్లీ చేసెయ్, ఎక్సెల్‌లో తెరిచి చేత్తో దిద్దడం ఈ క్షణం నుంచి బంద్. దిద్దాల్సింది ఏదున్నా డూ ఫైల్లో ఒక లైన్, పక్కన ఎందుకో ఒక ముక్క. ఆరు నెలల తర్వాత నిన్ను నువ్వే అడుగుతావు, అప్పుడు నేను ఫోన్ ఎత్తను.

గ్రాఫ్ మళ్ళీ గీసి పంపడానికి తొందరేం లేదు. ముందు కొత్త ఫైల్ మీద ఐడికి డూప్లికేట్స్ రిపోర్ట్ కొట్టి ఆ అవుట్‌పుట్ పంపు, అండర్‌స్కోర్ మెర్జ్ ట్యాబ్ కూడా. ఆ 25 మంది అందులో దొరుకుతారు. ఆ 999 ఏళ్ళ ఇద్దరి ఒరిజినల్ ఫారాలు కూడా ఒకసారి తీయించి చూడు, వాటిలో ఒకటి 99 అయి ఉండి టైపింగ్‌లో ఒక తొమ్మిది ఎక్కువ పడిందేమో.

మీ పిన్ని