శుక్లం ఆపరేషన్ తర్వాత అమ్మ దగ్గర ఎవరుండాలి, ఎన్నాళ్లుండాలి?

మీ అమ్మగారికి 74 ఏళ్లని, ఒక్కరే ఉంటారని, వచ్చే వారం ఒక కంటికి శుక్లం ఆపరేషనని రాశారు. మీరేమో వేరే ఊళ్లో ఉద్యోగం, నెలంతా సెలవు దొరకదు కాబట్టి రాత్రీపగలూ ఉండే అటెండెంటును పెట్టాలా అని అడిగారు. మా నాన్నకు రెండు కళ్లకూ కొన్నాళ్ల తేడాతో ఇదే ఆపరేషన్ అయింది. రెండుసార్లూ ఇంటి ఏర్పాట్లు నేనే చూసుకున్నాను. ఇబ్బందేమీ లేకుండా జరిగిన శుక్లం ఆపరేషనయితే, రోజంతా పక్కనే కనిపెట్టుకుని ఉండే మనిషి కావాల్సింది మొదటి కొద్ది రోజులే. చుక్కలు వేళకు పడేలా చూసే మనిషి మాత్రం నెల దాటేదాకా కావాలి. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఇల్లంతా చుట్టాలు, మూడో వారానికి చుక్కల సంగతి అడిగే దిక్కుండదు.

ఆ మూడో వారం ఎందుకంత ముఖ్యమంటే, సాధారణంగా యాంటీబయాటిక్ చుక్కలు ముందు ఆపేస్తారు. వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలను మాత్రం ఒక్కసారిగా ఆపరు. మొదట రోజుకు నాలుగుసార్లో ఆరుసార్లో మొదలుపెట్టి, వారం వారం ఒక్కొక్కటి తగ్గిస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు నడిపిస్తారు. ఈలోపు కన్ను బాగానే కనిపిస్తుంది, నొప్పి ఉండదు. దాంతో పెద్దవాళ్లు "ఇంకెందుకులే" అని మానేస్తారు. లోపల వాపు తిరగబెట్టేది అప్పుడే. అలాగని తగ్గించకుండా అదే మోతాదు లాగించినా ప్రమాదమే, కొందరికి కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే డిశ్చార్జి కాగితం మీది రాతను నమ్ముకోకుండా, డాక్టరు దగ్గరే కూర్చుని ఏ తేదీ నుంచి ఎన్నిసార్లో అడిగి, పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి గోడకు పెట్టండి. మా ఇంట్లో ఆ అట్ట మీద టిక్కు పెట్టే పని నాన్నదే. "నాకు తెలీదేంట్రా" అని మొదట్లో చిరాకుపడ్డ మనిషి, పెన్ను చేతికివ్వగానే నాకంటే ముందు గడియారం చూడటం మొదలుపెట్టారు. పరాయి మనిషి ఇంట్లోకి రావడం మీ అమ్మగారికి ఇష్టం ఉండదని రాశారుగా, ఆవిడ చేతిలో కూడా ఇలాంటి పని ఒకటి ఉంచండి.

చుక్క వేయడం తేలిగ్గానే కనిపిస్తుంది కానీ నేర్చుకోవాల్సిన పని. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి పైకి చూడమనాలి. కింది రెప్పను వేలితో మెల్లగా కిందికి లాగితే చిన్న సంచిలా విచ్చుకుంటుంది, చుక్క అందులో పడాలి. సీసా మొన రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. పడ్డాక కన్ను మూసుకుని, ముక్కు పక్కనున్న కంటి కొన దగ్గర ఒకటి రెండు నిమిషాలు వేలితో మెత్తగా అదిమితే మందు గొంతులోకి జారిపోకుండా కంట్లోనే నిలుస్తుంది. కనుగుడ్డు మీద మాత్రం ఒత్తిడి పడకూడదు. ఒక్క చుక్క చాలు. సీసా లోంచి పడే చుక్కే కన్ను పట్టేదానికంటే ఎక్కువ ఉంటుంది, కాబట్టి బుగ్గ మీదికి కారిందని ఇంకోటి వేయక్కర్లేదు. రెండో మందుకు కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే మొదటిది కడుక్కుపోతుంది. పాలలా తెల్లగా ఉండే మందును ముందు బాగా కుదపాలి. ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికంటే చివర.

నాన్న సీసా కంటి దగ్గరికి రాగానే రెండు కళ్లూ బిగించేసేవారు. నర్సు ఒక ఉపాయం చెప్పింది. వెల్లకిలా పడుకోబెట్టి, మూసిన కంటి లోపలి కొనలో చుక్క వేసి, అప్పుడు మెల్లగా కన్ను తెరవమనాలి, చుక్క తనంతట తనే లోపలికి జారుతుంది. ఆ రోజు నుంచి మాకు ఆ గొడవే లేదు. సీసాలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకదానికి ఒక రబ్బరు బ్యాండు, ఇంకోదానికి రెండు చుట్టి పెట్టాను. చూపు మసగ్గా ఉన్నా చేతికి తెలుస్తుంది. డాక్టరు సరేనంటే, ఆపరేషనుకు ముందే కళ్లు తడిపే మామూలు చుక్కలతో మీ అమ్మగారికి అలవాటు చేయండి. నీటికాసులకో (గ్లకోమా) మరిదేనికో ఇప్పటికే చుక్కలు వాడుతుంటే అవి కొనసాగించాలా, ఆ కంటికి కొత్త సీసా కావాలా అని తప్పకుండా అడగండి. ఇలాంటి సీసాలను మూత తీసిన నాలుగు వారాలకు పారేయమంటారు. మిగిలింది కదా అని రెండో కంటి ఆపరేషనుకు దాచకండి.

ఇక అటెండెంటు సంగతి. చుక్కలు వేయడానికి నర్సే అక్కర్లేదు. గోళ్లు కత్తిరించుకుని, చేతులు కడుక్కుని, గోడ మీది అట్ట చదవగలిగిన ఓపికైన మనిషి చాలు. ఏజెన్సీ వాళ్లు అన్నీ వచ్చంటారు. మీ కళ్లెదుటే చుక్క వేయించి చూడండి. రోజుకొకరిని మార్చి పంపకుండా ఒకే మనిషిని పంపే షరతు పెట్టండి. మీ అమ్మగారికి మతిమరుపు గానీ, నడకలో తూలు గానీ లేకపోతే మొదటి వారం తర్వాత పొద్దునా సాయంత్రం వచ్చి వెళ్లేవాళ్లు సరిపోతారు. మధ్యాహ్నం చుక్కల వేళకు మీరు వీడియో కాల్ చేసి ఎదురుగా వేయించవచ్చు. మతిమరుపు ఉంటే లెక్క మారిపోతుంది. అప్పుడు రాత్రి మనిషి తప్పనిసరి, నిద్రలో కంటికి దెబ్బ తగలకుండా పెట్టే షీల్డు (గట్టి మూత) పీకేసి కన్ను నలిపేస్తారు.

నాకు అన్నిటికంటే భయం వేసింది పడిపోవడం గురించి. ఆపరేషనైన కంటికి పాత కళ్లజోడు అద్దం సరిపోదు, రెండో కంటికేమో ఇంకా కావాలి. రెండు కళ్లూ రెండు రకాలుగా చూడటంతో మెట్టు ఎంత లోతుందో అందదు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి, దారిలో చాపలు, వైర్లు తీసేయండి. మొదటి రాత్రి మత్తు ఛాయలు ఉండొచ్చు కాబట్టి అదే గదిలో ఎవరైనా పడుకోవాలి.

మిగతా జాగ్రత్తలు డాక్టరే చెప్తారు: డాక్టరు చెప్పినన్ని రోజులు, సాధారణంగా వారం దాకా, నిద్రపోయేటప్పుడు షీల్డు, కంట్లో నీళ్లు పడకుండా స్నానం, బరువులెత్తకపోవడం. టీవీ చూడకూడదు, చదవకూడదు అని చుట్టాలు చెప్పే మాటలతో ఆవిడను మంచానికి కట్టేయకండి. వెనకటి ఆపరేషన్లలో పెద్ద కోత, కుట్లు ఉండేవి. ఇప్పుడు ఎక్కువగా చేసే పద్ధతిలో కోత రెండు మూడు మిల్లీమీటర్లే, చాలామందికి కుట్టే ఉండదు.

ఇది మాత్రం చుక్కలు వేసే ప్రతి మనిషికీ తెలియాలి. ఇసుక పడ్డట్టు గరగరలాడటం, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం, రంగులు కాస్త నీలంగా కనపడటం మొదట్లో మామూలే. కానీ తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, ఎరుపు ఎక్కువైనా, చూపు నిన్నటికంటే తగ్గినా అదే రోజు, రాత్రయినా సరే, ఆస్పత్రికి వెళ్లాలి. కంటి లోపల ఇన్ఫెక్షన్ అరుదే, కానీ వస్తే గంటల తేడాలో చూపు పోగొడుతుంది. ఎక్కువగా మొదటి వారం, పది రోజుల్లోనే వస్తుంది. మెరుపులు, ఒక్కసారిగా నల్లచుక్కల వాన, పక్క నుంచి తెర దిగినట్టు ఉండటం రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) ఊడటానికి గుర్తులు. వాటికీ అంతే తొందర. చూపు తగ్గిందో లేదో తెలియడానికి మేం రోజూ పొద్దున నాన్నను ఒకే కుర్చీలో కూర్చోబెట్టి, రెండో కన్ను అరచేత్తో మూయించి, గోడ గడియారంలో సెకన్ల ముల్లు కదులుతోందా అని అడిగేవాళ్లం. "బాగానే ఉంది" అనే మాట మీద ఆధారపడటం కంటే అది నయం.

ఇదంతా శుక్లం గురించే. రెటీనా ఆపరేషన్ చేసి కంట్లో గ్యాసు నింపితే బోర్లా పడుకోవడం, విమానం ఎక్కకపోవడం లాంటివి ఉంటాయి, అప్పుడు రాత్రీపగలూ మనిషి కావాల్సి రావచ్చు.

మీ స్థితిలో నేనయితే ఉన్న సెలవును ఆపరేషన్ ముందు రోజు నుంచి మొదటి వారం చెకప్ దాకా వాడుకుని, ఒక్క రోజు మాత్రం నెల చివర కళ్లద్దాల పరీక్షకు మిగుల్చుకుంటాను. అటెండెంటును మీరు వెళ్లే రోజు కాకుండా ఈ వారమే వెతికి, మీరున్నప్పుడే పనిలో పెట్టండి. మొదటి రెండు రోజులు చుక్కలు మీరు వేస్తుంటే అటెండెంటు చూడాలి, తర్వాత అటెండెంటు వేస్తుంటే మీరు చూడాలి. రాత్రిపూట ఎత్తే ఆస్పత్రి ఫోన్ నంబరు ఏదో ముందే అడిగి, ఆ అట్ట మీదే పైన రాయండి.