టెక్ సందేహాలు: గీతలన్నీ నిండుగానే ఉన్నా నెట్ ఆగిపోతోందా?

ప్రశ్న: విజయవాడ పటమటలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. వైఫై గీతలు నిండుగానే కనిపిస్తున్నా రాత్రి ఎనిమిది దాటాక వీడియో కాల్ ఆగి ఆగి వస్తోంది. రిపీటర్ పెట్టాక మరీ పాడైంది. ప్లాన్ పెంచుకోమంటారా?

జవాబు: వద్దు. గుంటూరు బ్రాడీపేట హాస్టళ్ల నుంచి కూడా ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంది. మీ ప్లాన్‌కు లోటేమీ లేదు. చుట్టుపక్కల ఫ్లాట్లన్నీ కలిసి వాడుకొంటున్న ఛానెలే (వైఫై సంకేతాలు నడిచే రేడియో దారి) ఇరుకైపోయింది.

ఒకే ఛానెల్‌పై రెండు పరికరాలు ఒకేసారి పంపితే ప్యాకెట్లు (సమాచారపు ముక్కలు) ఢీకొని రెండూ పాడవుతాయి. పంపుతున్న రేడియోకు తన సంకేతపు హోరులో ఎదుటిది వినిపించదు కనుక, వైఫై పరికరం ముందు ఛానెల్‌ను విని, ఖాళీ అయ్యాక కూడా యాదృచ్ఛికంగా ఎంచుకొన్న కొన్ని స్లాట్లు (అతి చిన్న కాలపు తునకలు) ఆగి పంపుతుంది; అందిందని అవతలి నుంచి రసీదు రాకపోతే ఢీకొన్నట్టే భావించి, ఆ ఎంపిక పరిధిని 15 స్లాట్ల నుంచి 31కి, 63కి, అవసరమైతే 1023 వరకూ పెంచుకొంటూ పోతుంది. ఇంటింటా టీవీలు, ఫోన్లు పనిచేసే రాత్రివేళ కాలం ఈ నిరీక్షణకే ఖర్చవుతుంది. ఒకే రేడియో ఉన్న రిపీటర్ ప్రతి ప్యాకెట్‌నూ అదే ఛానెల్‌పై మళ్లీ పంపుతుంది కనుక రద్దీ ఇంకా పెరుగుతుంది.

టీవీని కేబుల్‌తో రౌటర్‌కు కలపండి, ఫోన్లను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. 2.4లో 1, 6, 11 ఛానెళ్లలో ఒకదానినే ఎంచుకోండి. ఖాళీగా ఉందని 3నో 4నో పట్టుకొంటే, ఇరుగుపొరుగు రౌటర్లు మీతో వంతు పాటించవు సరికదా, రెండువైపులా రొదగా మారతాయి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. పెట్టెపై పెద్ద వేగం అచ్చువేసుకోవడానికి 40ని ముందే అమర్చి అమ్మే పద్ధతి నాకు ఏమాత్రం నచ్చదు. దాని ఫలితం అపార్ట్‌మెంట్ అంతా అనుభవించాలి.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి ఉంది. ఢీకొనడం వల్ల వేగం తగ్గుతుంది కానీ, ఇంట్లోని ఫోన్లన్నీ ఒక్కసారిగా వైఫై నుంచి తెగిపోయి మళ్లీ కలవడం సాధారణంగా జరగదు. రౌటర్ రీస్టార్ట్ కాకుండానే అలా పదేపదే జరుగుతుంటే అనుమానించాలి. రక్షణ లేని పాత అమరికలో ఎవరైనా రౌటర్ పేరిట 'విడిపో' అనే నకిలీ సందేశం పంపి, ఫోన్ తిరిగి కలిసేటప్పుడు రౌటర్‌తో జరిపే సందేశాల మార్పిడిని రికార్డు చేసుకొని, దానితో సరిపోల్చుకొంటూ పాస్‌వర్డ్‌ను తీరిగ్గా తన ఇంట్లోనే ఊహించవచ్చు. మనవాళ్లలో చాలామంది మొబైల్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకొంటారు. 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పదంకెల నంబర్లు 400 కోట్లే కనుక, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి అది గంటల పని. ఆ నంబరు లిఫ్టు పక్కనున్న బోర్డు మీద రాసి ఉంటే అంత శ్రమ కూడా అక్కర్లేదు. రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 (వైఫై భద్రతా పద్ధతుల్లో డబ్ల్యూపీఏ2 తరువాత వచ్చినది) ఉంటే దానినే ఎంచుకోండి, అందులో ఇటువంటి నకిలీ సందేశాల నుంచి రక్షణ తప్పనిసరి. పాత ఫోన్ల కోసం డబ్ల్యూపీఏ2లోనే ఉండవలసి వస్తే, ఆ నకిలీ సందేశాలను అడ్డుకొనే 'మేనేజ్‌మెంట్ ఫ్రేముల రక్షణ'ను రౌటర్ సెట్టింగ్స్‌లో ఆన్ చేసి, ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగైదు మాటలు కలిపి పాస్‌వర్డ్‌గా పెట్టండి.