నేవీ విమానాల మీద ఆసక్తి, చేతిలో సివిల్ ఇంజనీరింగ్: దారి ఉందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా అమ్మాయి బి.టెక్. సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. బీచ్ రోడ్డులోని టీయూ-142 అనే పాత నేవీ నిఘా విమానం మ్యూజియం చూసినప్పటి నుంచి సముద్రం మీద నిఘా ఉంచే నేవీ విమానాల గురించే చదువుతోంది. ‘అంత దూరం ఎగరగల పీ-8ఐ విమానాలను అరక్కోణంలో ఉంచే బదులు అండమాన్ నికోబార్ దీవుల్లోని గ్రేట్ నికోబార్‌లోనే ఉంచవచ్చు కదా’ అని నన్ను అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు. కళ్లద్దాలు ఉన్నందువల్ల పైలట్ కాలేనేమోనని, ఏరోనాటికల్ తీసుకోకుండా సివిల్ తీసుకొని తప్పు చేశానని బాధపడుతోంది. ఈ రంగంలోకి వెళ్లేందుకు తనకు దారి ఉందా?

జవాబు: మీ అమ్మాయి తప్పు చేయలేదు. ఆమె మిమ్మల్ని అడిగిన ప్రశ్నకు జవాబు సగానికి పైగా సివిల్ ఇంజనీరింగ్ పుస్తకాల్లోనే ఉంది. ముందు ఆ జవాబు చెప్పి, తరువాత ఉద్యోగాల సంగతికి వస్తాను.

మన నౌకాదళం దగ్గర ఉన్న 12 పీ-8ఐ విమానాలు తమిళనాడులోని అరక్కోణం, గోవా స్థావరాల నుంచి పనిచేస్తాయి. ఇది బోయింగ్ 737 ప్రయాణికుల విమానం ఆధారంగా తయారైన పీ-8కి మన దేశపు రూపం. పూర్తి ఇంధనంతో, ఆయుధాలతో బయలుదేరేటప్పుడు దీని బరువు 85 టన్నులు దాటుతుంది. అందులో ఇంధనమే దాదాపు 34 టన్నుల వరకు ఉండవచ్చు. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే వద్ద ఐఎన్ఎస్ బాజ్ స్థావరాన్ని 2012 జూలై 31న ప్రారంభించినప్పుడు అక్కడి రన్‌వే పొడవు సుమారు 3,500 అడుగులు, అంటే 1,070 మీటర్ల లోపే. ఆరున్నర టన్నుల చిన్న విమానం డోర్నియర్‌కు అది సరిపోతుంది, కానీ నిండు బరువుతో ఉన్న పీ-8ఐ అక్కడ పైకి లేవడం కుదరదు. అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాలి రన్‌వే నాలుగు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. మ్యూజియంలో మీరు చూసిన టీయూ-142 కూడా 2017 మార్చిలో విరమించే వరకు అక్కడి నుంచే ఎగిరింది.

ఇంధనం తగ్గించుకొని చిన్న రన్‌వే నుంచి లేవవచ్చు కదా అని మీ అమ్మాయి తప్పకుండా అడుగుతుంది. లేవవచ్చు, కానీ అలా లేస్తే ఆ విమానం వెళ్లిన పనే దెబ్బతింటుంది. పీ-8 సుమారు 2,200 కిలోమీటర్ల దూరం వెళ్లి, అక్కడ నాలుగు గంటలపాటు జలాంతర్గామి కోసం వెతికి తిరిగి రాగలదు. రన్‌వే పొట్టిదై ఇంధనం తగ్గించినప్పుడు, వెళ్లిరావడానికి పట్టే ఇంధనం ఎటూ తప్పదు కాబట్టి, కోత పడేది ఆ నాలుగు గంటల మీదనే. పైగా వేడి పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. రెక్కలకు దొరికే ఊతం, ఇంజన్ల బలం రెండూ తగ్గి, విమానం లేవడానికి ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తవలసి వస్తుంది. మన తీరంలో ఒకే రన్‌వే మీద తెల్లవారుజామున మోయగలిగిన బరువును మే నెల మధ్యాహ్నం అదే విమానం మోయలేకపోవచ్చు.

అలాగైతే నికోబార్‌లో రన్‌వేను పొడిగించవచ్చు కదా అంటారా? ఆ ఆలోచన ఎప్పటి నుంచో ఉంది, కానీ అది కాగితం మీద గీత పొడిగించినంత సులభం కాదు. ఒకవైపు కొండ, అడవి, మరోవైపు సముద్రం ఉన్న చోట నేలను చదును చేయాలి. సిమెంటు, తారు, యంత్రాలు ఓడల మీద రావాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు కురిసే వాన నీటిని పునాది పొరల్లోకి దిగనివ్వకుండా బయటికి పంపాలి. 2004 డిసెంబరు భూకంపంలో ఆ దీవి దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయిందని గుర్తుంచుకుంటే, అక్కడి నేల గురించి ఇంజనీరు ఎంత ఆలోచించాలో అర్థమవుతుంది. రన్‌వే ఒక్కటే కడితే స్థావరం కాదు. బరువైన విమానాలు నిలిపే ఏప్రన్, హ్యాంగర్, ఇంధన ట్యాంకులు, టార్పెడోలను నివాసాలకు దూరంగా భద్రపరిచే గిడ్డంగులు, సిబ్బంది కుటుంబాలకు ఇళ్లు, పిల్లలకు బడి కావాలి. సముద్రం మీద తక్కువ ఎత్తులో ఎగిరి వచ్చిన విమానానికి పట్టిన ఉప్పును కడగడానికి మంచినీళ్లు కూడా కావాలి. దీవిలో అది చిన్న విషయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖ విమానాశ్రయం ఏ స్థితిలో ఉందో మీ కుటుంబానికి నేను చెప్పనక్కరలేదు. సముద్రానికి పదుల కిలోమీటర్ల లోపల ఉన్న అరక్కోణం మంచి ఎంపిక అని నేను అనుకోవడానికి అదీ ఒక కారణం.

రన్‌వే చాలకపోతే ఏమవుతుందో 2023 నవంబరు 20న హవాయిలో కనిపించింది. అమెరికా నౌకాదళపు పీ-8 ఒకటి వానలో కనెయోహే బే స్థావరంలో దిగుతూ, సుమారు 2,370 మీటర్ల రన్‌వే చివర ఆగలేక సముద్రపు నీటిలోకి వెళ్లిపోయింది. అందులోని తొమ్మిది మందీ క్షేమంగా బయటపడ్డారు, కానీ పగడపు దిబ్బల మీద నిలిచిన ఆ విమానాన్ని పైకి తీయడానికి వారాలు పట్టింది. బ్రిటన్ అనుభవం వేరు. అక్కడి మొదటి పీ-8 విమానాలు 2020 ఫిబ్రవరిలో వచ్చేసరికి లాసిమౌత్ స్థావరంలో రన్‌వే పనులు జరుగుతున్నాయి. అందువల్ల వైమానిక స్థావరంగా ఎప్పుడో మూసేసిన పొరుగునున్న కిన్‌లాస్‌లో వాటిని కొన్ని నెలలు ఉంచారు. పాత రన్‌వేను పాడుపెట్టకుండా ఉంచుకోవడం వారికి అలా అక్కరకొచ్చింది.

ఇక దారుల సంగతి. త్రివిధ దళాల రన్‌వేలు, భవనాల పనులు చూసేది మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్. అందులో ఆఫీసరుగా చేరడానికి యూపీఎస్సీ నిర్వహించే ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష రాయాలి. సివిల్ డిగ్రీ ఉండి, వయసు 21 నుంచి 30 ఏళ్ల మధ్య ఉంటే అర్హత ఉంటుంది. ఒక మాట ముందే చెప్పడం నా బాధ్యత: అందులో చేరినంత మాత్రాన రోజూ రన్‌వేలే కట్టరు. ఉద్యోగ జీవితంలో క్వార్టర్లు, మంచినీటి పైపులు, టెండర్లు, బిల్లులే ఎక్కువ కాలం తీసుకుంటాయి, దూరప్రాంతాల పోస్టింగులూ తప్పవు. అది ఇష్టపడి చేయగలిగితేనే వెళ్లాలి. గేట్ మంచి స్కోరుతో రాస్తే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో సివిల్ జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. అదే గేట్‌తో వరంగల్ ఎన్ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీరింగ్ ఎం.టెక్. చేయవచ్చు. నా సలహా అడిగితే, ఆమె ముందుగా గురి పెట్టవలసింది గేట్ మీదే. ఒకే చదువు ఈ మూడు దారులకూ పునాది వేస్తుంది.

యూనిఫాం మీద కోరిక ఉంటే దాన్ని చంపుకోవలసిన అవసరం లేదు. నేవీ షార్ట్ సర్వీస్ కమిషన్‌లో పైలట్, నేవల్ ఎయిర్ ఆపరేషన్స్ ఆఫీసర్, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ శాఖలకు ఏ బ్రాంచి బి.టెక్. అయినా చాలు, మహిళలూ దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 60 శాతం మార్కులు అడుగుతారు, డిగ్రీ మార్కులను బట్టి ఎస్ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే ఇంటర్వ్యూకు, పిలుస్తారు. పీ-8ఐలో రాడార్ చూస్తూ, నీటిలోని శబ్దాలను పట్టే సోనోబోయ్‌లు ఎక్కడ జారవిడవాలో నిర్ణయిస్తూ జలాంతర్గామిని వేటాడే పని ఆ ఎయిర్ ఆపరేషన్స్ ఆఫీసర్‌దే. కంటిచూపు ప్రమాణాలు ఒక్కో శాఖకు ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి, ఊహించుకొని దిగులుపడకుండా తాజా నోటిఫికేషన్‌ను చేతిలో పట్టుకొని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రంగులు గుర్తించే చూపును కూడా పరీక్ష చేయించండి. నాలుగో సంవత్సరం మొదలయ్యేలోగా ఈ సంగతి తేలిపోవాలి.

ఈ ఆదివారం ఆమెను మళ్లీ బీచ్ రోడ్డుకు తీసుకువెళ్లి, ఈసారి టీయూ-142 రెక్కల బదులు చక్రాలు చూడమనండి. ప్రతి వైపు ప్రధాన చక్రాలు నాలుగు, మొత్తం ఎనిమిది. వాటి మీద 180 టన్నులకు పైగా బరువు. పీ-8ఐకి ప్రధాన చక్రాలు నాలుగే, బరువు 85 టన్నులు. ముక్కు చక్రాల వాటా తీసేసి లెక్కిస్తే రెండింటిలోనూ ఒక్కో టైరు మీద స్థూలంగా ఇరవై టన్నులు పడుతుంది. సగం బరువు కూడా లేని విమానం నేలను అంతే గట్టిగా ఎందుకు నొక్కుతోంది, దానికి ఎంత మందం రన్‌వే కావాలి, కింది మట్టి బలాన్ని ఏ పరీక్షతో కొలుస్తారు అనే మూడు ప్రశ్నలను నోటు పుస్తకంలో రాసుకొని, తన కాలేజీలో పేవ్‌మెంట్ డిజైన్ చెప్పే అధ్యాపకుల దగ్గరికి వెళ్లమనండి. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఆ మూడు ప్రశ్నలు సరిపోతాయి.