ఒకే చిత్రకారుడి కోసం మ్యూజియం ఎందుకు కడతారు?

నల్గొండ పక్కన పానగల్లు మ్యూజియం చూసి పెరిగిన మనకు ఈ ప్రశ్న రావడం సహజమే. అక్కడి విగ్రహాలను ఎవరు చెక్కారో మనకు తెలియదు. ఒక్కడి పేరు మీదే భవనమంతా ఉంటే వింతగానే అనిపిస్తుంది.

అమెరికాలోని డెన్వర్‌లో ఉన్న క్లిఫర్డ్ స్టిల్ మ్యూజియం చూడండి. 1980లో చనిపోయిన స్టిల్, తన బొమ్మలను ఏదైనా అమెరికా నగరానికే ఇవ్వాలని వీలునామా రాశాడు. షరతేమిటంటే, అమ్మకూడదు, ఇంకొకరి బొమ్మ పక్కన పెట్టకూడదు. మొండివాడే! మ్యూజియం తెరిచేసరికి 2011 అయింది. అతను జీవితకాలంలో వేసినవాటిలో 90 శాతానికి పైగా అక్కడే ఉన్నాయి. అయితే నిర్వహణ ఖర్చుల నిధి కోసం అదే ఏడాది నాలుగు బొమ్మలను వేలం వేయక తప్పలేదు. 11 కోట్ల డాలర్లు దాటి వచ్చాయి.

ఇలా ఒక్కడి బొమ్మలే ఒకచోట ఉంచితే లాభం ఏమిటంటారా? 1930లలో అతను వేసినవి ఎముకలు తేలిన రైతుకూలీలు. మన పాలమూరు వలస కూలీలే గుర్తొస్తారు. తర్వాత ఆ మనుషులే క్రమంగా కరిగి, చిరిగిన గుడ్డ పేలికల్లాంటి రంగుల మచ్చలయ్యారు. చివరి బొమ్మ ఒక్కటే చూస్తే 'ఇదేం బొమ్మ' అంటాం. వరసగా చూస్తే ఆ మచ్చల్లో నిలబడ్డ మనిషి ఇంకా కనిపిస్తాడు.