ప్రయాణానికి తేలికపాటి మోనోపాడ్

ప్రశ్న: వచ్చే నెల హంపి, బాదామి వెళుతున్నాను. కెమెరా, జూమ్ లెన్సు కలిపి కిలోన్నర బరువుంటాయి. ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) మోయలేను. ఎలాంటి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) కొనాలి?

జవాబు: పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి అడుగుతారు కనుక మీ ఆలోచన మంచిదే, అయినా మోనోపాడ్ సంగతి కూడా ద్వారం దగ్గర అడిగి తెలుసుకోండి. కనీసం మూడు కిలోలు మోయగలదై, పూర్తిగా తెరిచినప్పుడు కెమెరా మీ కంటి ఎత్తుకు వచ్చేదై ఉండాలి. ఒకదానిలో ఒకటి దూరే ఐదారు గొట్టాలున్నది మడిస్తే సంచిలో ఇమిడిపోతుంది గానీ, చిట్టచివరి గొట్టం వేలి లావే ఉండి, లాగితే ఊగుతుంది. అందుకే నాలుగు గొట్టాలది నా ఎంపిక. కార్బన్ ఫైబర్ తేలిక, ధర మాత్రం ఎక్కువ; అల్యూమినియంతోనూ పని జరుగుతుంది. గొట్టాలను తిప్పి బిగించే తాళంలో ఇసుక చేరితే కరకరలాడుతుంది, రాత్రి బసలో విప్పి పొడిగుడ్డతో తుడవాలి. లెన్సు చుట్టూ స్టాండుకు తగిలించే పట్టీ (కాలర్) ఉంటే కెమెరాను కాక ఆ పట్టీనే మోనోపాడ్‌కు బిగించండి. చీకటి గుహాలయాల్లో షట్టర్‌ను 1/60 సెకను బదులు 1/15 సెకను తెరిచి ఉంచినా ఫొటో చెదరకపోవచ్చు, కానీ మోనోపాడ్ తనంతట తాను నిలబడదు, చెయ్యి వదలకండి.