నెలాఖరు టెన్షన్ తట్టుకోవడానికి రోజూ ఏం చేసుకోవచ్చు?

అనంతపురంలో ప్రైవేటు ఫైనాన్సులో కలెక్షన్ పని, 25వ తేదీ దాటితే నిద్ర పట్టదు, కడుపులో మంట, ఇంటికొస్తే పిల్లల మీద అరుపులు. మాత్రల జోలికి పోకుండా రోజూ చేసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. నేను డాక్టర్ని కాదు. కర్నూలులో ఉల్లిగడ్డల కమీషన్ మండీలో చాలా ఏళ్లుగా గుమాస్తాగా ఉన్నాను. ఖరీఫ్ సరుకు దిగే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మాకు ఊపిరి సలపదు. ధర పడిపోయిన రోజు రైతు ముఖం చూడలేం. ఆయన కోపమంతా ఎదురుగా కూర్చున్న గుమాస్తా మీదికే వస్తుంది, అది న్యాయమే అనిపిస్తుంది కూడా. ఇటు యజమాని తొందర, అటు హమాలీల కూలి లెక్కలు. అట్లాంటి ఒక సీజన్లో నాకు బీపీ పెరిగి కళ్లు తిరిగాయి. చూసిన డాక్టరు మాత్ర రాసిచ్చి, "ముందు ఒంటిని నెమ్మదిగా ఉంచుకో, మనసు దాని వెనకే వస్తుంది" అన్నాడు. నేను ఇప్పటికీ పాటిస్తున్నవన్నీ ఆ మాట నుంచి పుట్టినవే.

టెన్షన్లో ఉన్న మనిషికి "ఆలోచించొద్దు, ధైర్యంగా ఉండు" అని చెప్పేవాళ్లు బోలెడు మంది. ఆ సమయంలో ఆలోచనలు మన మాట వింటే కదా! గుండె దడ, భుజాలు బిగుసుకుపోవడం, నోరు ఎండిపోవడం, ఇవన్నీ అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు ఒళ్లంతా అప్రమత్తం చేయడం వల్ల వచ్చేవి. ఒంటిని అట్లా వదిలేసి మనసుతో వాదనకు దిగితే గెలవలేం.

అన్నిటికన్నా తేలికైనది ఊపిరి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటూ పీల్చండి, ఆరు లెక్కపెట్టుకుంటూ వదలండి. కీలకమంతా వదలడంలోనే ఉంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. మెదడు నుంచి గుండె, పొట్ట దాకా పోయే వేగస్ అనే నరం పని అది. వదలడం ఎంత నిదానంగా ఉంటే ఒంటికి అంత నెమ్మది. ఈ లెక్కన నిమిషానికి ఆరు ఊపిర్లు అవుతాయి. ఐదు నిమిషాలు చాలు. బలవంతంగా పీల్చొద్దు, తల తిరిగినట్టు అనిపిస్తే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోండి. మీ పనిలో దీనికి చోటు ఎక్కడంటే, బాకీదారు ఇంటి ముందు బండికి స్టాండు వేశాక, గేటు తట్టేలోపు. మీరు నెమ్మదిగా మొదలుపెడితే అవతలివాళ్ల గొంతు కూడా అంత పైకి లేవదు. మండీలో నేను రోజూ చూస్తున్నదే ఇది.

నాకు ఎక్కువ మేలు చేసింది మాత్రం పని నుంచి నేరుగా ఇంట్లోకి పోకపోవడం. యార్డు నుంచి బయటపడ్డాక సంకల్‌బాగ్ ఘాటు దగ్గర బండి ఆపి, తుంగభద్ర ఒడ్డున అరగంట నడుస్తాను. ఎండాకాలం నదిలో నీళ్లకన్నా బండలే ఎక్కువ కనిపిస్తాయి, అయినా నడుస్తాను. ఫోను బండి డిక్కీలోనే ఉంటుంది. మొదటి పది నిమిషాలు బుర్రలో మండీ లెక్కలే తిరుగుతాయి. వాటిని ఆపాలని చూడను. తర్వాత ఎప్పుడో నా అడుగుల చప్పుడు నాకు వినిపిస్తుంది, గాలి తగులుతుంది, ఆకలి గుర్తొస్తుంది. అప్పుడు ఇంటికి పోతాను. మా ఆవిడ ఒకసారి, "నువ్వు నడిచొచ్చిన రోజు పిల్లోళ్లు నీ పక్కకొచ్చి కూర్చుంటారు, నడవని రోజు నా వెనక నిలబడతారు, చూసినావా?" అంది. పిల్లల మీద అరుస్తున్నానని మీరు రాసింది చదవగానే నాకు ముందు ఈ మాటే గుర్తొచ్చింది. పిల్లల దగ్గర ఓపిక పట్టాలని ఒట్టు పెట్టుకోవడం కన్నా గడప తొక్కేముందు ఆ అరగంట నడవడం చాలా సులువు.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున నడిస్తే సరిపోయింది. మీకు అనంతపురంలో ఏ కాలేజీ గ్రౌండో దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మన సీమలో సాయంత్రం ఆరైనా రోడ్డు సెగలు కక్కుతుంది. ఆ రెండు నెలలూ తెల్లవారుజామున నడవండి. సాయంత్రం ఇంటికి పోయేముందు ఏదైనా చెట్టు కిందో, గుడి అరుగు మీదో పది నిమిషాలు ఊరికే కూర్చోండి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పొద్దున ఏమీ తినకుండా టీల మీదే తిరుగుతున్నారేమో చూసుకోండి. కలెక్షన్ పనిలో పోయిన ప్రతి చోటా టీ ఇస్తారని తెలుసు. సాయంత్రం ఐదుకు తాగిన టీలోని కెఫీన్ దాదాపు సగం రాత్రి పదికి కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత టీ అడిగితే మజ్జిగ ఇమ్మనండి, మన ఊళ్లలో ఎవరూ తప్పు పట్టరు. మందు తాగితే నిద్ర తొందరగా పట్టినట్టుంటుంది కానీ అర్ధరాత్రి తర్వాత మెలకువ వచ్చేస్తుంది. ఫోనులో రీల్స్ చూస్తూ పడుకుంటే విశ్రాంతి అనిపిస్తుంది, అది విశ్రాంతి కాదు. ఇక కడుపు మంట వారాల తరబడి ఉంటే డాక్టరుకు చూపించుకోండి. ప్రతిదానికీ టెన్షనే కారణమని వదిలేయడం మంచిది కాదు.

రాత్రి నిద్ర కోసం నేను చేసేది లెక్కలు రాసేవాడు చేసే పనే. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. భోజనం అయ్యాక రేపు చేయాల్సిన పనులు, ఎవరికి ఫోను చేయాలి, ఎవరి దగ్గర ఎంత రావాలి, అన్నీ అందులో రాసి మూసేస్తాను. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఇట్లాంటిదే పరీక్షించి చూశారు. పడుకునేముందు ఐదు నిమిషాలు, చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కన్నా త్వరగా నిద్రపోయారు. పేజీలో కింద ఒక గీత కొట్టి, నా చేతిలో లేనివి వేరుగా రాస్తాను. రేపటి ఉల్లి ధర ఎప్పుడూ ఆ గీత కిందే ఉంటుంది. మీ నోటుబుక్కులో "ఫలానా ఆయన కడతాడా లేదా" అన్నది గీత కింద, "పొద్దున తొమ్మిదికి ఆయన్ని కలవాలి" అన్నది గీత పైన రాయండి.

మనుషుల సంగతి చెప్పకుండా ఉండలేను. మా వీధి ఆంజనేయస్వామి గుడిలో శనివారం రాత్రి భజన ఉంటుంది. నా గొంతు గొప్పదేమీ కాదు, కానీ పదిమందితో కలిసి పాడితే ఆ గంటలో నా పేరు, నా అప్పులు, యార్డు ఏవీ గుర్తుకు రావు. ఆలోచిస్తే అదీ ఊపిరి పనే. పాట చరణం లాగాలంటే ఊపిరి నిదానంగా వదలాల్సిందే. చెక్కభజన వచ్చినవాళ్లకైతే అడుగులతో ఒళ్లంతా కదులుతుంది, చెమట పడుతుంది. మా మండీలో తూకం చూసే సాయిబు మామ నమాజుకు పోయి వచ్చాక ముఖం తేటగా కనిపిస్తుంది. మీకు ఏది నచ్చితే అది, కబడ్డీ అయినా, చర్చిలో పాటలయినా. వారానికి ఒకసారి, పని ఊసెత్తని మనుషుల మధ్య ఉండాలి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇదంతా చేసినా, మీ టార్గెట్ మనిషి మోయలేనంత ఉంటే ఆ తప్పు మీ మనసుది కాదు. బాగా ఊపిరి పీల్చుకుని ఇంకాస్త బరువెత్తమని చెప్పడానికి నేను ఇదంతా రాయడం లేదు. బ్రాంచిలో మీతో పనిచేసేవాళ్లతో మాట్లాడండి, వాళ్లకూ నిద్ర ఉండి ఉండదు. ఒక్కరుగా కాకుండా కలిసి మేనేజర్ని అడగండి. రాత్రి ఫలానా టైము తర్వాత ఫోన్లు వద్దని, రాని బాకీల జాబితా నెల మధ్యలోనే కూర్చుని చూద్దామని. ఇంట్లో మీ ఆవిడకు కూడా ఆఫీసులో ఏం జరుగుతోందో చెప్పండి. చెప్పకపోతే మీ కోపం తన మీదేనని అనుకుంటుంది.

మాత్రల జోలికి పోకుండా అన్నారు. అవసరమైనప్పుడు డాక్టరు ఇచ్చే మాత్ర వేసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు, నేనూ బీపీకి వేసుకుంటున్నాను. రెండు వారాలకు పైగా నిద్ర లేకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయొద్దు. కర్నూలు, అనంతపురం, కడప మూడింటిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రులున్నాయి, అక్కడ మానసిక వైద్యులు చూస్తారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోను నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇవన్నీ ఒకేసారి నెత్తిన పెట్టుకోకండి, 25వ తేదీన అసలే మొదలుపెట్టకండి. నెల మొదటి వారంలో, ఒత్తిడి తక్కువున్నప్పుడు, ఊపిరి, సాయంత్రం నడక రెండూ అలవాటు చేసుకోండి. నోటుబుక్కు పదో తేదీ నుంచి. నెలాఖరులో అరగంట దొరకని రోజు ఇంటికి రెండు వీధుల ముందే బండి ఆపి, పది నిమిషాలు నడిచి ఇంట్లోకి పోండి.