లీడా, లెడ్డా?

ఒంగోలు నుంచి ఈమధ్యే అమెరికా వచ్చిన తమ్ముడొకడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, పాత ఇల్లొకటి అద్దెకు దొరికింది. 'లీడ్ పెయింట్' అని ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. ఏందన్నా అది, ముందు పూసే రంగా?"

అది లెడ్, తమ్ముడూ. ఎల్, ఈ, ఏ, డీ, అవే నాలుగక్షరాలు. నడిపించడమైతే లీడ్, సీసమైతే లెడ్. ఇళ్లకు సీసం కలిపిన రంగులు వెయ్యడం ఇక్కడ 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, సీసం రంగు గురించి తనకు తెలిసింది ఓనరు రాసివ్వాలి, జాగ్రత్తలు చెప్పే చిన్న పుస్తకం కూడా ఇవ్వాలి. పెచ్చులూడిన పాత రంగు, దాని దుమ్ము పసిబిడ్డల నోట్లోకి పోతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మీ పాప ఇంకా పాకుతా ఉంది. కిటికీ చట్రాలు, తలుపు అంచులు దగ్గరగా చూసుకో. పిల్లల డాక్టర్ని రక్తపరీక్ష గురించి అడుగు. అడిగేటప్పుడు లెడ్ అనే అడుగు.

నేను కావలి నుంచి వచ్చిన తొలి ఏడు ఆసుపత్రి కౌంటర్లో గాయాన్ని 'వౌండ్' అన్నాను. గడియారానికి కీ ఇచ్చారంటే వౌండ్, గాయం ఊండ్. స్పెల్లింగు ఒకటే. ఆవిడ మళ్లీ మళ్లీ అడుగుతుంటే, ఆ నొప్పిలో నాకు ఏడుపొచ్చింది. అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు ఇంత గట్టిగా చెప్తున్నా.

చాలా మాటలకు ఒక కిటుకుంది. వస్తువు పేరైతే మొదటి భాగం నొక్కి పలకాలి, చేసే పనైతే రెండోది. దాచిపెట్టింది రెకర్డ్, మీటింగును చేసేది రికార్డ్. చెత్త రెఫ్యూస్, కాదనడం రిఫ్యూజ్. తెలుగులో ఏ అక్షరం నొక్కి పలికినా అర్థం మారదు గనక మనకిది వెంటనే చెవికి ఎక్కదు. కన్నీళ్ల టియర్, చింపే టేర్ లాంటివాటికి ఈ కిటుకూ పనికిరాదు, గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఇంగ్లీషు రాత మీద కోపం తెచ్చుకోవద్దు. అన్నంలో పోసుకునే చారు, చారుశీలలో చారు, మనం రెండూ ఒకేలా రాస్తాం. పలకడం మాత్రం వేరు. పాత నిఘంటువుల్లో మొదటిదానికి చ మీద రెండంకె లాంటి గుర్తు పెట్టేవాళ్లు. ఆ గుర్తు మనకెవరూ నేర్పలా, అమ్మ వడ్డిస్తా అంటే విని పట్టుకున్నాం. ఇక్కడా అట్టాగే, మాటను విడిగా బట్టీ పట్టకుండా వాక్యంతో సహా విను.

సంతకం మాత్రం ఇప్పుడే పెట్టొద్దు. ఆ కాగితం ఫోటో తీసి పంపు, ఆదివారం ఇద్దరం కూర్చుని చదువుదాం.